రెండు సినిమాలు, ఒక తహసీల్దారు

గాలివానకు లేచిపోయిన సినిమా డేరాలను మీరు చూసే ఉంటారు. ఒక్క మాటకు లేచిపోయిన డేరాను చూశారా? సంగారెడ్డిలో నేను చూశాను. చూడక తప్పలేదు, ఆ మాట అన్నది నేనే కాబట్టి.

అప్పటికి మాది ఇంకా హైదరాబాదు రాష్ట్రమే. నాకు ఇరవై రెండేళ్లు. ఖాదర్ సేటు టూరింగ్ టాకీసులో నౌకరీ. పగలు జట్కా ఎక్కి రేకు బాకాలో అరవడం, సాయంత్రం గేటు దగ్గర టికెట్లు చింపడం నా పనులు. వీటికి తోడు ఇంకొకటి ఉండేది. మాకున్నది ఒకటే ప్రొజెక్టరు. రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వేసి, కొత్త రీలు ఎక్కించేదాకా జనం ఈలలు వేయకుండా నేను తెర ముందు నిలబడి ఏదో ఒకటి మాట్లాడాలి. అలా మాట్లాడీ మాట్లాడీ నా నోరు తలుపులేని ఇల్లయింది.

ఊళ్లో డేరా ఉండాలంటే తాలూకా కచేరీ లైసెన్సు ఇవ్వాలి. మా గడువు ఆదివారంతో ముగుస్తుంది. పొడిగిస్తే వానాకాలం దాకా పదకొండు మందికి నిశ్చింత. లేకపోతే గుంజలు పీకి బండ్లు కట్టుకోవడమే. ఆ భయంలో ఉండగా శుక్రవారం పొద్దున కబురొచ్చింది. తహసీల్దారు సాబ్ రేపు మొదటి ఆటకు వాళ్ల అమ్మగారిని తీసుకుని వస్తున్నారట. ఆట నచ్చితే లైసెన్సు మీద దస్తఖత్ డేరాలోనేనట.

సేటు నన్ను పిలిచాడు. ఆయన ముందు రెండు సినిమా డబ్బాలున్నాయి. రెండూ ఒకే మద్రాసు దర్శకుడివి, రెండూ వెక్కిరింత సినిమాలే. ఒకటి పురాణాల మీద, ఇంకొకటి కత్తియుద్ధాల జానపదాల మీద.

"రెండూ మనసువెట్టి చూసినోనివి నువ్వే. మన బతుకు ఏ డబ్బాల ఉన్నదో చెప్పు."

నన్ను హైకోర్టు జడ్జి కుర్చీలో కూర్చోబెట్టినట్టయింది. గొంతు సవరించుకున్నాను.

"సేట్, దేవుళ్ల సినిమా వద్దు. ఇంద్రుడు అమృతం కోసం రేషన్ కార్డు పట్టుకొని లైన్ల నిలబడతడు. పటాన్‌చెరువుల ఏమైందో యాదికున్నదా?"

సేటు కళ్లు మూసుకున్నాడు. యాదికుండక చస్తుందా? పటాన్‌చెరువు జనం అది నిజం పురాణమే అనుకున్నారు. ఇంద్రుడు కనబడగానే తెరకు కర్పూరం వెలిగించారు. సరిగ్గా హారతి తిరుగుతుండగా ఇంద్రుడు అరటితొక్క మీద కాలేసి వెల్లకిలా పడ్డాడు. పళ్లెం పట్టుకున్న ముసలమ్మ కొట్టిన కొబ్బరికాయను వాపసు ఇమ్మని గేటు దగ్గర నా చొక్కా పట్టుకుంది.

"మరి రాజుల సినిమా?"

"గది బేఫికర్. రాజు కత్తి దూస్తే వంకర పోతది, రాక్షసుని కడుపుల దూది కనబడతది. రాజుల కాలం అయిపాయె గద సేట్. ఎంత నవ్వినా అడిగెటోడు లేడు."

"మంచిగ సోచాయించినవా?"

"మీదికెళ్లి కిందికి సోచాయించిన."

అంతటితో ఊరుకున్నానా? ఎవరైనా పొరపాటున వేస్తారేమోనని, శనివారం పొద్దున్నే దేవుళ్ల డబ్బాను హైదరాబాదు బస్సు మీద వేయించి పంపేశాను. ముందుచూపు అంటే అదీ.

సాయంత్రం తహసీల్దారు గారు వచ్చారు. నేను ఆయనను చూడడం అదే మొదటిసారి. పక్కన అమ్మగారు, వెనక ఆయన గుమాస్తా పేష్కారు. కుర్చీలో కూర్చుంటూనే సాబ్ కళ్లద్దాలను నుదుటి మీదికి నెట్టారు. తర్వాత జేబులు తడుముకున్నారు.

"పేష్కార్, నా అద్దాలు యాడున్నయి?"

"నెత్తిమీద ఉన్నయి హుజూర్."

నా గుండె జారి చెప్పుల్లో పడింది. రాజుల సినిమాలో రాజుకొక మంత్రి ఉన్నాడు. కోట తగలబడుతున్నా వాడు చేసే పని ఒక్కటే. కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని, వాటికోసం రాజ్యమంతా వెతికిస్తాడు. నేను రాజును చూసుకున్నాను, రాక్షసుడిని చూసుకున్నాను, మంత్రిని మరిచాను.

ఆపరేటరు నర్సింలు దగ్గరికి పరుగెత్తాను.

"అన్నా, సినిమా మార్చాలె!"

"దేన్తోని మారుస్తవు? రెండో డబ్బను పొద్దుగాల బస్సెక్కిచ్చినోడు ఎవడు?"

"పోనీ, మంత్రి వచ్చే ముక్క కోసెయ్యి."

"వాడు ప్రతి రీలుల ఉన్నడు. వాన్ని కోస్తే గుర్రాలే మిగుల్తయి. ఇగ జరుగు, ఆట మొదలువెట్టాలె."

మొదలైంది. నేను తెర వైపు చూడలేదు, తహసీల్దారు ముఖాన్నే చూస్తూ నిలబడ్డాను. తెర మీద మంత్రి అద్దాలు నెత్తిన పెట్టి వెతుక్కున్నాడు. సాబ్ నవ్వలేదు. మంత్రి సింహాసనం కింద దూరి వెతికాడు. సాబ్ కదల్లేదు. అప్పుడాయన పేష్కారు వైపు వంగారు.

"ఈ మంత్రి అచ్చం మన జోగిపేట నాయబ్ తహసీల్దారు లెక్కనే లేడా?"

"అచ్చం గంతే హుజూర్!"

సాబ్ పగలబడి నవ్వారు. చూశారా పాఠకులారా, గండం గడిచిపోయింది. బుద్ధి ఉన్నవాడెవడైనా ఆ క్షణాన బయటికెళ్లి చాయ్ తాగుతాడు. నాకు మాత్రం కొత్త భయం పట్టుకుంది. సాబ్ పోల్చుకోలేదు సరే, నేల టికెట్టు జనం పోల్చుకుంటే? ఎవడైనా ఆయన ఎదుటే అరిస్తే? ముందే కట్టడి చేయాలి!

రీలు ఆగింది. దీపాలు వెలిగాయి. తెర ముందుకు వెళ్లి రెండు చేతులూ జోడించాను.

"అయ్యలారా, అమ్మలారా! ఒక్క మనవి. ఈ సినిమాల మంత్రి అద్దాలు నెత్తిన వెట్టుకొని ఎతుకుతడు. అంతమాత్రాన వానికీ మన తహసీల్దారు సాబ్‌కూ ఏ పోలికా లేదు. ఎవ్వరూ గట్ల అనుకోవద్దు!"

తలలన్నీ ఒక్కసారిగా కుర్చీల వైపు తిరిగాయి. అక్కడ సాబ్ జేబులో చేయి పెట్టి అద్దాల కోసం తడుముకుంటున్నారు. అద్దాలు నెత్తిమీద దీపపు వెలుగులో తళతళలాడుతున్నాయి.

ముందుగా నోరు తెరిచింది అమ్మగారే.

"గదేరా కొడకా! ఇంతసేపటి సంది గీ మంత్రిని యాడ చూసిన్నా అని పరేషానైతున్న. ఇంట్లనే గద!"

తర్వాత లేచిన నవ్వుకు గుంజలు ఊగాయి. నర్సింలు నవ్వుతూ రీలును కింద పడేశాడు. నవ్వనివాళ్లం నలుగురమే. సాబ్, పేష్కారు, సేటు, నేను.

దస్తఖత్ కాలేదు. సాబ్ కలానికి మూత కూడా తీయలేదు. సోమవారం పొద్దున డేరా బండ్లకెక్కింది. సేటు నన్ను తిట్టలేదు. అది ఇంకా భయంగా ఉండి నేనే కదిలించాను.

"సేట్, ఏమన్నా అనరాదా."

"ఏమనాలెరా? డేరాకు బదులు నీ నోటికి ఉండాల్సింది లైసెన్సు."

బండి మీద కూర్చుని రెండు సినిమాలనూ మళ్లీ పోల్చి చూశాను. ఆ దర్శకుడు రెండింట్లోనూ ఒకే పని చేశాడు. కిరీటం ఇంద్రుడికి పెట్టనీ, రాజుకు పెట్టనీ, పక్కన రేషన్ ఇచ్చేవాడో మంత్రో, ఒక కచేరీ మనిషిని కూర్చోబెట్టి నవ్వుకున్నాడు. ఈ జ్ఞానం శుక్రవారం రావలసింది. సోమవారం వచ్చింది, అదీ ఎద్దుల బండి మీద.

అప్పుడే కుడిచేయి పైకెత్తి, ఎద్దుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఇక ఎవరికీ ఎవరితోనూ పోలిక లేదని నేను చెప్పను. ఉందని చెబితే కోపమొస్తుంది, అంతే. లేదని చెబితే ఊరు విడిచిపోవలసి వస్తుంది.