ఎవరి డబ్బూ పోని బ్యాంకు

మా పక్కింటి అంకుల్ పోయిన మంగళవారం కన్నుమూశారు. పొద్దున్నే వాళ్ల అమ్మాయి మా తలుపు బాదుతూ, "నాన్న లేవట్లేదక్కా, ఒకసారి రా" అంది. చెప్పులైనా వేసుకోకుండా మంచులో పరుగెత్తాను. అప్పటికే ఒళ్లు చల్లబడిపోయింది.

ఇక్కడ అమెరికాలో, అరోరా చుట్టుపక్కల ఉండే మీలో కొందరైనా ఆయన్ని చూసే ఉంటారు. ఇక్కడికి గంట దూరంలో ఒక చిన్న ఊళ్లో పాత బ్యాంకు భవనాన్ని మ్యూజియం చేశారు. శనివారాలు అక్కడ వాలంటీర్‌గా నిలబడి, మన యాస ఇంగ్లిష్‌లో ఆ బ్యాంకు కథ చెప్పే ముసలాయన ఆయనే. ఎడమ చెవి వినపడదు. ఎదుటివాళ్లకీ వినపడదనుకునేవారో ఏమో, అరిచి చెప్పేవారు. ఆయన్ని కారులో దింపడం నా పని. ఎక్కగానే సీటు బెల్టు పెట్టుకుని మూడుసార్లు లాగి చూసేవారు. "తాళం వేశాక లాగి చూడనోడు క్యాషియరే కాదమ్మాయ్" అనేవారు.

ఆయన నిజంగానే క్యాషియర్. గోదావరి జిల్లాలో ఒక చిన్న సహకార బ్యాంకులో పనిచేశారు. నడపడం దండగని డైరెక్టర్లే దాన్ని మూసేయాలనుకున్నారు. దివాలా కాదు. అందరి డబ్బూ భద్రంగా ఉంది, వచ్చి తీసుకోండని నోటీసు అంటించారు. అది పూర్తిగా చదివే ఓపిక ఎవరికుంది? మధ్యాహ్నానికల్లా జనం కౌంటరు గ్రిల్ పీకేశారు. రోజూ ఆయనతో కబుర్లాడే పాలావిడ చెప్పు తీసి మొహం మీద కొట్టింది. బడి మేష్టారు స్టూలెత్తి చెవి మీద మోదాడు. జనాన్ని గొర్రెల మంద అంటారు గానీ, గొర్రెలు స్టూళ్లెత్తవు.

"మర్నాడు అందరికీ పైసలతో సహా ఇచ్చేశాం. ఒక్కళ్లు సారీ అనలేదు. మేష్టారు గారు మాత్రం ఇంటికి కాఫీకి పిలిచారు."

"వెళ్లారా?"

"వెళ్లాను. కాఫీ బానే ఉంది."

ఇక్కడి బ్యాంకుదీ ఇంచుమించు అదే కథ. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో యజమాని తనంతట తానే దాన్ని మూసి, ఎవరి డబ్బు వాళ్లకి ఇప్పించేశాడు. గోడ మీద అద్దం బిగించిన బోర్డులో 'ప్రశాంతంగా మూసివేశారు' అని రాసి ఉంటుంది. అంకుల్ ఆ మాట నమ్మలేదు. ఒక చలికాలమంతా మ్యూజియం సొరుగుల్లోని పాత కాగితాలు తిరగేసి, ఆ బ్యాంకు క్యాషియర్ భార్య తన చెల్లెలికి రాసిన ఉత్తరం బయటికి తీశారు. యజమాని ముందురోజే రైలెక్కేశాడట. జనం కిటికీలు పగలగొట్టి లోపలికొచ్చి, క్యాషియర్‌ని జుట్టు పట్టి ఈడ్చుకుపోయి, డబ్బు దాచే ఇనుప గది తలుపు సందులో కుడిచేతి వేళ్లు పెట్టించి తలుపు మూశారట. ఒక్కసారి కాదు. మర్నాడు అతనే వచ్చి, ఎడమచేత్తో నోట్లు లెక్కపెట్టి అందరికీ ఇచ్చాడట.

బోర్డు మార్చమని అంకుల్ అడిగారు. ఇక్కడికి ఫ్యామిలీస్ వస్తారు, ఆ రక్తమంతా ఎందుకని మ్యూజియం మేనేజరమ్మ మర్యాదగానే చెప్పింది. ఆయన మొహం జేవురించింది. "బ్యాంకు మూసిన చెయ్యి వేరు, తలుపులో నలిగిన చెయ్యి వేరు!" అని తెలుగులోనే అరిచి, చేతికర్ర ఎత్తి బోర్డు మీద ఒక్కటి వేశారు. అద్దం భళ్లున పగిలింది. ఎవరో చంటిపిల్ల కెవ్వుమంది. ఇక రావద్దని ఆయనకి ఆరోజే చెప్పేశారు.

తిరిగొస్తూ కారులో నేను విసుక్కున్నాను. "ఎప్పుడో తాతల కాలం నాటి గొడవ అంకుల్. వదిలేయండి, పరువు పోయింది."

"నీకు దెబ్బ తగల్లేదమ్మాయ్" అన్నారు. బెల్టు ఇంకోసారి లాగి చూసుకుని, "నేను పోతే వాడి గురించి ఇంకెవరు చెప్తారు?" అన్నారు.

నేను రేడియో పెట్టి హైవే ఎక్కేశాను. తర్వాత నాలుగు నెలలే బతికారు. పరువు పోయిందన్న నా మాట తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొన్న శనివారం ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. కొత్త అద్దం వేశారు, బోర్డు మాత్రం అదే. అంకుల్ పోయారని చెప్తే మేనేజరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఆమెని పర్మిషన్ అడగలేదు. లోపలున్న నలుగురి దగ్గరికి వెళ్లి, నాకు తెలియకుండానే గొంతు పెంచి, ఆ క్యాషియర్ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె గుమ్మంలో నిలబడి విందే గానీ ఆపలేదు.

వాళ్లలో టోపీ పెట్టుకున్న ఒక భారీ మనిషి ఇనుప గది తలుపుకి ఆనుకుని, దాని అంచు మీద చెయ్యి వేసి వింటున్నాడు. కథ వేళ్ల దగ్గరికి వచ్చేసరికి అతను నా వైపు చూడటం మానేశాడు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, కోటు జేబులో పెట్టుకున్నాడు.