అమావాస్యకు ముందు తీసేసిన తాళంచెవి

ఆళ్లగడ్డ బస్టాండులో దిగి మా శిల్పశాల పేరు చెప్పి ఆటో ఎక్కినంత మాత్రాన మా దగ్గరికే వస్తారన్న నమ్మకం లేదు. ఆటో ఆయనకు ఎవరు టీ తాగించి ఉంటే వాళ్ల వాకిట్లో దింపుతాడు. అట్లా వేరే చోట విగ్రహం చేయించుకుని, అదే మా శిల్పశాల అనుకుని, ఊరికి పోయాక మాకు ఫోన్ చేసి అమ్మవారి ముక్కు బాగా కుదిరిందని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. నేను సంతోషం అన్నాను. ఇంకేమంటాను?

మా ఆయన పోయాక శిల్పశాలను మా మరిది నడుపుతున్నాడు. ఉలిపని ఆయనది, నునుపుపని నాది. చెక్కడం అయ్యాక విగ్రహం మీద నీళ్లు పోస్తూ, నల్లరాయి నిగనిగలాడేదాకా రుద్దుతాను. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వచ్చు. ఇది నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. దిద్దొద్దన్న చోట్ల కూడా దిద్దుతోంది.

నా కూతురు, మా పాప, నంద్యాలలో పని చేస్తుంది. అంగళ్లకూ ఆసుపత్రులకూ ఇంటర్నెట్లో పేజీలు పెట్టి, వాటి మంచీచెడ్డా చూసుకునే ఆఫీసు అది. మా శిల్పశాలకు కూడా తనే ఒక పేజీ పెట్టింది. మేము చేసిన విగ్రహాలన్నీ అందులో వరుసగా ఉంటాయి. అంతటితో ఆగక దాని పేరుకు ఒక ముద్ర, ఆ ముద్రకు ఒక తాళంచెవి ఏర్పాటు చేసింది. ఎందుకని అడిగాను.

“ఎవరన్నా మన పేరు కొడితే, మన పేజీ యాడుందో చెప్పే యంత్రాలు దారిలో ఉంటాయిమ్మా. మధ్యలో ఎవడన్నా దూరి తప్పు అడ్రసు చెప్పొచ్చు. ముద్ర ఉంటే అబద్ధం దొరికిపోతాది.”

“అంటే బస్టాండులో ఆటోవాళ్లకు కూడా వేయొచ్చు కదా?”

“వాళ్లకు పనిచెయ్యదులే.”

ఈ తాళంచెవి ఇనుముది కాదు, కంప్యూటర్లో ఉండే పెద్ద అంకె. దాన్ని ఏళ్ల తరబడి వాడకూడదట. మార్చాలి, మార్చడానికి ఒక వరస ఉంది. మొదట కొత్త చెవిని పాత చెవి పక్కనే పెట్టాలి. రెండూ కొన్నాళ్లు కలిసి ఉండాలి. ఆ తర్వాత, దేశంలోని పేర్లన్నీ రాసి పెట్టుకునే పైఆఫీసు ఒకటి ఉంది, దాని దగ్గర మన చెవి గుర్తు ఒకటి ఉంటుంది. అక్కడ పాత గుర్తు తీయించి కొత్త గుర్తు రాయించాలి. అది రాసినా పని అయిపోలేదు. దారిలో ఉండే యంత్రాలు పాత గుర్తునే ఒకటి రెండు రోజులు మనసులో పెట్టుకుని ఉంటాయి. అవి మరిచిపోయేదాకా పాత చెవిని కదిలించకూడదు. పాప ఇదంతా ఆదివారం మధ్యాహ్నం శిల్పశాల కంప్యూటర్లో చూపిస్తూ మా మరిదికి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. విగ్రహం కొలతలు వినేటప్పుడు కూడా ఆయన అట్లాగే వింటాడు, తర్వాత తనకు తోచినట్టే చెక్కుతాడు.

“పైన కొత్త గుర్తు రాయించినా చిన్నాయనా. పాత దాన్ని ముట్టుకోవద్దు. మంగళవారం వచ్చి నేనే తీస్తా,” అని చెప్పి సాయంత్రం బస్సుకు నంద్యాల పోయింది.

ఆ సోమవారం మాకు ఇంకొక పని ఉంది. కర్ణాటక వైపు ఒక ఊళ్లో కొత్తగా అమ్మవారి గుడి కడుతున్నారు. మూలవిగ్రహం, ద్వారపాలకులు, అన్నీ రాతివే. ఎవరికివ్వాలో తేల్చడానికి గుడి కమిటీవాళ్లు ఆ మధ్యాహ్నం కూర్చుంటున్నారు. సాయంత్రం నుంచి అమావాస్య గడియలు కాబట్టి ఆలోపలే తేల్చేస్తామని చెప్పారు. మాకు ఏడాదిగా పెద్ద పని లేదు. ఇది కూడా రాకపోతే శిల్పశాల మూసేసి, స్థలం టైల్స్ అమ్మే ఆయనకు బాడుగకు ఇస్తానని మరిది అప్పటికే చెప్పేశాడు. టైల్స్‌కు నునుపుపని ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. నాకక్కడ పని ఉండదు.

సోమవారం పొద్దున నేను పోయేసరికి మరిది స్నానం చేసి, బొట్టు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన కొట్టిన కొబ్బరికాయ చిప్పలు ఉన్నాయి.

“ఏందప్పా ఇది?”

“పాత తాళంచెవి తీసేసినా వదినా.”

“పాప మంగళవారం అనింది గదా.”

“మంగళవారం అమావాస్య ఉంటాది. కొత్తది పెట్టినాక పాతది అమావాస్య దాటకూడదు. గర్భగుడిలో ఇద్దరు మూలవిరాట్లుంటారా యాడన్నా? దాపరికం లేకుండా దండం పెట్టుకునే తీసినాలే.”

నాకు అందులో తప్పు కనిపించలేదు. చిప్ప ఒకటి తీసుకుని ఇంటికి పోయి చట్నీ చేశాను.

మధ్యాహ్నానికి ముందు, నేను తిరిగి శిల్పశాలకు వచ్చాక, కమిటీ కార్యదర్శి మరిదికి ఫోన్ చేశాడు. ఆయనకు తెలుగు వచ్చు. మీ పేజీ తెరుచుకోవడం లేదు, ఏమైంది అన్నాడు. మరిది తన ఫోన్లో చూశాడు, కంప్యూటర్లో చూశాడు. రెండింటిలోనూ విగ్రహాలు శుభ్రంగా కనిపిస్తున్నాయి.

“ఈడ కనపడతాంది సామీ.”

“ఇక్కడ కనపడటం లేదప్పా.”

“ఈడ బ్రహ్మాండంగా కనపడతాంది.”

“నేను ఇక్కడున్నాను కదప్పా.”

ఇట్లా కొంతసేపు నడిచింది. చివరికి మరిది, ఫోటోలు ఫోన్లో పంపిస్తానన్నాడు. కార్యదర్శి ఒప్పుకోలేదు. ఇంతకు ముందు ఎవడో వేరేవాళ్ల విగ్రహాల ఫోటోలు తనవని పంపాడట. శిల్పశాల సొంత పేజీలో ఉన్నవే కమిటీ చూస్తుంది, తెరుచుకోకపోతే మీ పేరు పక్కన పెట్టేస్తాం అన్నాడు. తిరుపతిలో దర్శనం లైను మూసేసినంత నిదానంగా చెప్పాడు.

నేను పాపకు ఫోన్ చేశాను. కొబ్బరికాయ సంగతి కూడా చెప్పాను.

“చిన్నాయనకియ్యి.”

మరిది ఫోన్ తీసుకుని, అందరికీ వినపడేట్టు పెట్టాడు. వినపడకుండా పెట్టడం ఆయనకు రాదు.

“చిన్నాయనా, పాత విగ్రహం తీసి కొత్తది పెట్టాలంటే ఏం చేస్తారు?”

“ముందు బాలాలయం కడతారు.”

“ఎందుకు?”

“మధ్యలో పూజ ఆగకూడదు గదా పాపా.”

“మరి నువ్వేం చేసినావు?”

రాతి మీద ఉలి పక్కకు జారినప్పుడు మరిది ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

పాప విడమరిచి చెప్పింది. కమిటీ వాళ్ల దారిలో ఉండే యంత్రానికి ఇంకా పాత గుర్తే మనసులో ఉంది. అది పాత చెవి కోసం వెతికింది, దొరకలేదు. ఇదంతా దొంగపేరు అనుకుని తలుపు వేసేసింది. మా ఫోన్లకూ కంప్యూటర్‌కూ దారి చెప్పే యంత్రానికి గుర్తులు చూసే అలవాటే లేదు. అడిగినవాళ్లకల్లా చెప్పేస్తుంది. అందుకే మాకు కనపడుతోంది.

“ఊరికే వదిలేసినా రేపటికి అదే సర్దుకుంటాది,” అంది పాప.

“రేపటికి గుడి వేరేవాళ్లకు పోతాది,” అన్నాను నేను.

పాత చెవిని తిరిగి పెట్టడం ఒక్కటే దారి. మరిది తీసేసింది మళ్లీ రాదు. దానికి నకలు ఒకటి పాప పెన్‌డ్రైవ్‌లో పెట్టి నా దగ్గర దాచింది. నేను దాన్ని మెంతుల డబ్బాలో పెట్టాను. మా ఇంట్లో ఆ డబ్బా నేను తప్ప ఎవరూ తెరవరు.

“కంప్యూటర్లో పెట్టి పంపించమంటావా?” అన్నాడు మరిది.

“వద్దు చిన్నాయనా. దాన్లో మీ పనోళ్లంతా పాటలు ఎక్కించుకుంటారు. ఆ నకలు వాళ్ల చేతుల్లోకి పోతే తాళంచెవి కాదు, దండోరా. అమ్మ చేత పంపించు. బస్సెక్కించు.”

నేను ఇంటికి పోయి డబ్బాలోంచి పెన్‌డ్రైవ్ తీసి, కొంగున ముడేసుకుని బస్టాండుకు పోయాను. నంద్యాల బస్సు నిండి ఉంది. డ్రైవర్ సీటు వెనక చోటు దొరికింది. శిరివెళ్ల దగ్గర గొర్రెలు రోడ్డుకు అడ్డం వచ్చాయి. కాపరి తొందరపడలేదు, గొర్రెలు తొందరపడలేదు. మా డ్రైవర్ హారన్ కొట్టాడు, గొర్రెలు ఆగి మా వైపు చూశాయి. పక్కన కూర్చున్న ఆమె, ఎవరికైనా బాగాలేదా, అంత కంగారుగా ఉన్నావని అడిగింది. గుడి పని అన్నాను. ఆమె తన దగ్గర ఉన్న అరటిపండు ఇచ్చింది. తిన్నాను.

నంద్యాల బస్టాండుకే పాప వచ్చింది. ముడి విప్పుతుంటే మెంతుల వాసన వచ్చింది. పాప పెన్‌డ్రైవ్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఆఫీసుకు పరిగెత్తింది. నేను వెనకాల నడిచాను. లోపల తను ఏం చేసిందో నాకు తెలియదు. వేళ్లు మాత్రం ఆగలేదు. తర్వాత ఆగాయి.

“పెట్టేసినా.”

“కనపడతాందా వాళ్లకు?”

“ఆ యంత్రం ఇందాక చూసింది మర్చిపోవాల. కాసేపాగు.”

“దానికి ఫోన్ చేసి చెప్పలేమా?”

“చెప్పలేం.”

ఇద్దరం గోడ వైపు చూస్తూ కూర్చున్నాం. పని చేసేటప్పుడు నాకు భయం తెలియదు. ఊరికే కూర్చుంటే తెలుస్తుంది. ఇన్నేళ్లు రుద్దిన చేతులు రేపటి నుంచి ఏం చేస్తాయని ఆలోచించాను. ఏమీ తోచలేదు. పాపను ఆ మాట అడగలేదు.

కార్యదర్శే ఫోన్ చేశాడు. పేజీ తెరుచుకుంది అన్నాడు. అయితే అప్పటికే మూలవిగ్రహం వేరే శిల్పశాలకు ఖాయం చేసేశారట. మీ ద్వారపాలకులు చూశాం, బాగున్నారు, ఆ ఇద్దరూ మీరే చేయండి అన్నాడు. అమావాస్య గడియలు రాబోతున్నాయని మాట త్వరగా ముగించాడు.

పాప కళ్లు తుడుచుకుంది. మూలవిగ్రహం పోయినందుకో, ద్వారపాలకులు వచ్చినందుకో నేను అడగలేదు. అడిగితే ఇక్కడ రాసి ఉండేది కాదు.

తిరుగు బస్సులో మరిదికి ఫోన్ చేసి చెప్పాను.

“లోపలికి రానీకుండా వాకిట్లో నిలబెట్టినారు వదినా మనల్ని.”

“నిలబెట్టినారు గదా. పడుకోబెట్టలేదు.”

పాత చెవిని తర్వాత పాపే వచ్చి తీసింది. మరిది దూరంగా నిలబడి చూశాడు. అయిందా అని అడిగాడు. అయింది అంది. అంతే, కొబ్బరికాయ లేదు. రెండు నల్లరాళ్లు లారీలో వచ్చి దిగాయి. ద్వారపాలకులు ఆరడుగుల వాళ్లు. కాళ్లకు కడియాలు, చేతిలో గదలు, కోరపళ్లు. నునుపు పెట్టడానికి సందులు ఎక్కువ. వెన్ను నొప్పికి తైలం తెప్పించుకున్నాను.

మొదటి గద రూపానికి వచ్చేసరికి టైల్స్ ఆయన కొలత టేపు పట్టుకుని వచ్చాడు. పడుకోబెట్టిన రాళ్ల చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ఎప్పటికి ఖాళీ అయితాదప్పా ఈ జాగా?”

మరిది ఉలి ఆపలేదు.

“వీళ్లిద్దరూ లేచి నిలబడి యాడికి పోతారో పోనీ. తర్వాత మాట్లాడదాం. ఇప్పుడు పక్కకు జరుగు, వదిన నీళ్లు పోస్తాది.”

నేను పోశాను.