మేడ మీద వేడినీళ్లు

గొట్టాలాయన బిగించిన కుళాయి నుంచి చుక్క కారాలంటే ముందు ఆయన దగ్గర సెలవు తీసుకోవాలి. ఈ మాట ఆయనే చెప్పుకునేవాడు. ఒకసారి వరదను కేకేసి వెనక్కి పంపానన్నాడు. ఏదీ ఆ వరద అనడిగితే, "పంపేశానంటున్నాగా, ఇంకెక్కడుంటుంది?" అని కసిరాడు.

అంతటివాడి మాటా వినని కీళ్లు ఇంట్లోనే ఉన్నాయి. భార్య మోకాళ్లు. రోజూ కాసేపు మెడలోతు వెచ్చటి నీళ్లలో కూర్చుంటే పట్టు సడలొచ్చనీ, లేకపోతే ఈ చలికాలం దాటేసరికి మంచానికి అంటుకుపోతుందనీ డాక్టరు తేల్చేశాడు. ఆ పాత మేడ వైరింగు పెద్ద హీటరును మోయలేదు. స్టవ్ మీద కాచి పోస్తే తొట్టి నిండేలోపే చల్లారేవి.

"సూర్యుణ్ణి పనిలో పెట్టుకుంటానే," అన్నాడు గొట్టాలాయన. "జీతం లేదు, బత్తెం లేదు."

"నీ సంగతి తెలీదు కాబట్టి ఒప్పుకుంటాడులే," అంది ఆవిడ.

వాళ్లది కింది వాటా. చుట్టూ ఎత్తైన గోడలు. ఎండ మొహం చూడాలంటే మూడంతస్తులెక్కాలి. అక్కడ, అద్దం కింద రాగి గొట్టాలు పరిచిన నల్లటి పలకలు రెండు వాలుగా నిలబెట్టాడు. పెరట్లో తొట్టికి గొట్టం దించి పంపు తగిలించాడు. పైన బొబ్బలెక్కించే నీళ్లు కిందికి చేరేసరికి నీరసపడిపోయేవి. గొట్టానికి కంబళ్లు చుట్టినా అంతే.

"నీ సూర్యుడు మెట్ల మీద కునుకు తీస్తున్నాడు బాబాయ్," అన్నాడు పై వాటా దర్జీ.

పౌరుషం పొడుచుకొచ్చింది. తొట్టిని తాళ్లు కట్టి బయటి గోడ మీదుగా మేడ మీదికే లాగించి, పలకలకన్నా ఎత్తున దిమ్మ మీద కూర్చోబెట్టాడు. ఇక పంపుతో పనిలేదు; కాగిన నీరు తనంతట తానే తొట్టిలోకి ఎక్కుతుంది.

మర్నాడు మధ్యాహ్నం అల్లుణ్ణి పిలిచాడు.

"ముందు నీళ్లు చూసొద్దాం మామయ్యా."

"కాగక చస్తాయా? కుర్చీ పట్టు!"

ఆవిణ్ణి కుర్చీతో సహా మోశారు. చివరి అంతస్తుకు గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లు. మొదటి మలుపులోనే కుర్చీ ఇరుక్కుంది.

"వంచు, కొంచెం వంచు!"

"వంచడానికి ఇదేమన్నా గొట్టమా మామయ్యా?"

వీపున ఎక్కించుకుందామని మోకాలు కదిపారు. ఆవిడ కేకకు అన్ని వాటాల తలుపులూ తెరుచుకున్నాయి. ఆ మెట్ల పక్కనుంచే గొట్టం తీసుకెళ్తూ ప్రతి వంపూ కొలిచినవాడు, మనిషి కాలు ఎంత వంగాలో కొలవలేదు.

కిందికి దించి పడుకోబెట్టారు. ఆవిడ గోడవైపు తిరిగింది.

"ఇంత చాకిరీ చేశావు. ఈ పాడు కాళ్లు అన్నీ బూడిదపాలు చేశాయి కదయ్యా."

గొట్టాలాయన మేడెక్కాడు. తొట్టి మూత తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది. రెండు చేతులూ మోచేతులదాకా ముంచాడు. డాక్టరు చెప్పిన వెచ్చదనమే, రవ్వంత ఎక్కువా లేదు, తక్కువా లేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత వేళ్ల సందులు కూడా తడిలేకుండా చొక్కాకు తుడుచుకుని దిగాడు.

"కాగాయా?" ఆవిడ అటు తిరిగే అడిగింది.

"ఎక్కడే! చన్నీళ్లే. నీ కాళ్లదేం లేదు, నా పనే తగలడింది."

"నీ గొప్పలు నాకు తెలీవూ!" ఆవిడ గొంతులో బరువు కాస్త దిగింది. "కాళ్లు కొంకర్లు పోతున్నాయి, కాస్త పట్టవయ్యా."

చెయ్యి చాచబోయి ఆగాడు. ఇంకా వెచ్చగానే ఉన్న రెండు చేతులనీ చంకల్లో దాచుకున్నాడు.