కొత్తన్నం మొదటి ముద్ద

కొత్తల పండుగకు మా వైపు ఒక కట్టు ఉంది. కొత్త పంట బియ్యంతో వండిన కొత్తన్నం మొదటి ముద్ద ఎవరింట్లో తింటే ఆ ఏడాదికి వాళ్ళింటి మనిషివి. నేను ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చేశాను. పెద్దయ్యాక సుక్మాలో ఒక కిరాణా షావుకారి ఇంట్లో వంటకు కుదిరాను. షావుకారిని పెద్దయ్య అని, ఆయన భార్యను పెద్దమ్మ అని పిలుస్తాను. అప్పటి నుంచి ఆ ముద్ద అక్కడే. పెద్దమ్మ తమతో పాటు నాకూ ఆకు వేసి, "నువ్వు మా ఇంటి పిల్లవే" అనేది. ఆ మాటకు పొంగిపోయి, ఉసూర్ దగ్గర అన్న ఇంటికి పండుగకు వెళ్ళడమే మానేశాను.

షావుకారి కూతురు జగదల్‌పూర్‌లో చరిత్ర చదువుతోంది. పోయిన సెలవుల్లో వంటింట్లో నా పక్కన చేరింది.

"అక్కా, ఒకప్పుడు ఇంగ్లండుల ఇంట్ల మగ నౌకరుంటే యజమాని సర్కారుకు పన్ను కట్టాలంట. అది ఎగ్గొట్టనీకి కొందరు నౌకర్ని పొలం కూలి అని చెప్పేటోళ్ళంట."

"ఆ పన్ను కాయితాలల్ల నౌకర్ల పేర్లుంటయా?"

"కొన్నిట్ల ఉంటయి. అవి లేకుంటే వాళ్ళున్నట్టే మనకు తెల్వకపోయేది."

"ఆ పన్ను ఈడ ఏస్తే మీ నాయిన నన్ను బర్రె అని రాయిస్తడు. పాలేవంటే, ఒట్టిపోయిందంటడు."

దుకాణంలోంచి విన్న పెద్దయ్య కూడా పడీపడీ నవ్వాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు జనాన్ని లెక్క రాసుకునే సారు వచ్చాడు. నేను మంచినీళ్ళు తెచ్చాను. ఇంట్లో ఎంతమందని హిందీలో అడిగితే, పెద్దయ్య తనను, పెద్దమ్మను, పిల్లలిద్దరిని చెప్పి ఆగాడు. మరిచిపోయాడేమోనని కాస్త ముందుకు జరిగి నిలబడ్డాను. సారు నావైపు చూపించి, "ఔర్ యే?" అన్నాడు.

"కామ్‌వాలీ. గావ్ మే లిఖా హోగా" అన్నాడు పెద్దయ్య. పనిమనిషినట, నన్ను ఊళ్ళోనే రాసుకుని ఉంటారట.

పక్కనే పెద్దమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది.

సారు వెళ్ళగానే అన్నకు ఫోన్ చేశాను. వాళ్ళ ఊళ్ళో అప్పటికే రాసుకుని పోయారట.

"నా పేరు రాయించినవా అన్నా?"

"నీదెందుకు రాయిస్త? నువ్వు షావుకారింటి పిల్లవైతివి గదా."

వాడూ నాలాంటి వేళాకోళగాడే. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. పన్ను కోసమైనా ఆ ఇంగ్లండు నౌకర్లను ఎవరో ఒకరు రాసుకున్నారు.

దుకాణంలోకి వెళ్ళి అడిగాను. "పెద్దయ్యా, నామీద పన్నేం లేదు గదా. మరి నన్నెందుకు దాస్తివి?"

"దాచుడేంది? ఉన్నదే చెప్పిన. పోయి చాయ్ పెట్టు."

పెట్టాను. పంచదార కూడా సరిగ్గానే వేశాను.

పండుగ నాడు పెద్దమ్మ ఎప్పటిలాగే ఐదు ఆకులు వేసింది. నలుగురికి వడ్డించి, నా ఆకు మడిచి తీసేశాను.

"రావే, కూసో" అంది.

"లెక్క తప్పుతది పెద్దమ్మా. మల్ల ఆ సారును పిలవాలె."

కూతురు ఒక్కతే నవ్వబోయి ఆగిపోయింది. నేను వంటింట్లోకి వచ్చి చిన్న గిన్నెలో నిరుటి పాత బియ్యం పొయ్యి మీద పెట్టుకున్నాను. అన్న ఇంటి ముద్దా తినలేదు. ఈ ఏడాదికి నాకు పాత బియ్యమే.