పదో తరగతిలో ఓనమాలు

నన్ను డీన్ చేశారని చెబితే మా అమ్మకు ఒక పట్టాన అర్థం కాలేదు. "హెడ్మాస్టరు కంటే పెద్దదా, సిన్నదా?" అని అడిగింది. పెద్దా చిన్నా కాదు, హైస్కూలు పిల్లల చదువు ఎక్కడ ఆగిపోతోందో చూసి ముందుకు నడిపించాలి అని చెప్పాను. ఆ సాయంత్రం పక్కింటావిడతో, "ఎనకబడ్డ పిల్లల్ని నెట్టే ఉద్యోగంట" అని చెబుతూంటే విన్నాను. నవ్వొచ్చింది గాని, దిద్దబుద్ధి కాలేదు.

మా స్కూలు విజయనగరం నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉంది. నెల్లిమర్లలో మా ఇంటి నుంచి రెండు బస్సులు మారి వెళ్తాను. చాలా ఏళ్లు అక్కడ తెలుగు చెప్పాను. డీన్ అయ్యాక పాఠాలు తగ్గి తిరుగుడు పెరిగింది. ఏ క్లాసులో సిలబస్ ఎంతవరకు వచ్చింది, ఏ పిల్లకి మార్కులు జారిపోతున్నాయి, ఎవరింటికి ఫోన్ చేయాలి అన్నీ నేనే చూసుకోవాలి.

ఒకరోజు తెలుగు టీచరు సెలవు పెడితే ఆ పీరియడుకి పదో తరగతిలోకి వెళ్లాను. కిటికీ పక్క బెంచీలో కూర్చున్న అమ్మాయిని లేచి పాఠం చదవమన్నాను. సముద్రం ఒడ్డు పల్లె పిల్ల. నాన్న బోట్ల మీద వేటకెళ్తాడు, అమ్మ చేపలమ్ముతుంది. ఆ పిల్ల దస్తూరీ అచ్చు గుద్దినట్టుంటుందని టీచర్లందరూ మెచ్చుకునేవారు. లేచి గడగడా చదివింది. నేను బెంచీల మధ్య నడుస్తూ ఆమె వెనక్కి వచ్చి పుస్తకంలోకి చూశాను. వేలు వరస కింద కదులుతోంది. నోట్లోంచి పాఠం వస్తోంది. కానీ తెరిచి ఉన్నది ఆ పాఠం కాదు, దాని తర్వాతది.

"బాగుంది, కూర్చో" అన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నా గదికి పిలిచి, లైబ్రరీలోని చిన్నపిల్లల కథల పుస్తకం ఒకటి చేతికిచ్చాను. చదవమన్నాను. చాలాసేపు ఆ పేజీనే చూసింది.

"కళ్లు నొప్పెడతన్నాయి మేడమ్."

"నిన్ను తిట్టడానికి పిలవలేదమ్మా. చదవడం రాదు కదూ?"

తల వంచుకుంది. "అచ్చరాలు తెలుసు మేడమ్. పక్కపక్కన ఎడితే కలిసిపోతన్నాయి" అంది.

"మరి పొద్దున పాఠం?"

"మా పక్కది పైకి సదువుతాది కదా. రెండు మాట్లు ఇంటే వచ్చెస్తాది."

మెల్లమెల్లగా సంగతి బయటికొచ్చింది. ఇక్కడ అక్షరాలు దిద్దుతూండగానే, నాన్న గుజరాత్ రేవులో బోట్ల మీద పనికి పోతే, అమ్మా ఈ పిల్లా కూడా వెళ్లి అక్కడే ఉండిపోయారు. అక్కడి బడికి పోయీ పోక వాళ్ల అక్షరాలు కొన్నే వచ్చాయి. అవి కుదురుకునేలోపు కరోనా వచ్చి అందరూ ఇంటికి చేరారు. ఇక్కడ బళ్లు మూతపడి ఉన్నాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న చేతిలో ఉండేది. బళ్లు తెరిచేసరికి ఆరో తరగతిలో కూర్చోబెట్టాం. పరీక్షల్లో ప్రశ్నలోని ఒకటి రెండు మాటల రూపం గుర్తుపట్టి, కంఠతా వచ్చిన జవాబును బొమ్మ గీసినట్టు రాసేది. ఆమె రాసింది ఆమే చదవలేకపోయేది. ఇన్నేళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ విషయం స్కూలు నడిపే కరస్పాండెంట్‌ గారికి చెప్పక తప్పలేదు. ఆయనది టౌన్లో బట్టల వ్యాపారం చేసే కుటుంబం. చెడ్డవాడు కాదు, కానీ ఫలితాలంటే ప్రాణం.

"సూడమ్మా, పదో తరగతేటి, ఓనమాలేటి? టీసీ ఇచ్చీసి పంపిద్దాం. ఇంకెక్కడైనా రాసుకుంటాది. మన ఫ్లెక్సీ మీద వంద శాతం ఎప్పుడూ తగ్గనేదు" అన్నారు.

"ప్రతి ఏడూ పాసయిందని పై క్లాసుకి పంపింది మనమే కదా సార్. ఇప్పుడు చదవడం రాదని బయటికి పంపితే ఏం న్యాయం?"

"పోటీ ఎలాగున్నాదో నీకు తెలీదా?"

"తెలుసు సార్. బాగా చదివే పిల్లలు నేనున్నా లేకపోయినా చదువుకుంటారు. ఈ పిల్లకి టీసీ ఇవ్వాలంటే నా తర్వాత వచ్చే డీన్ చేత ఇప్పించండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బెదిరించాలని అన్న మాట కాదు. ఆ క్షణంలో నాకు నిజంగానే అలా అనిపించింది. చివరికి, "అర్ధవార్షిక పరీక్షల దాకా సూడు. అప్పటికీ లాభం నేకపోతే వాళ్లమ్మకి నువ్వే సెప్పాల" అన్నారు.

మర్నాడు వాళ్లమ్మను పిలిపించాను. బేరం ముగించుకుని, ఖాళీ తట్ట గేటు దగ్గర పెట్టి వచ్చింది. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది.

"పిల్లకి బుర్ర నేదా మేడమ్? ఉన్నమాట సెప్పీండి. రొయ్యల కంపెనీలో ఎట్టీమని మావోళ్లు అంటన్నారు."

"రెండుసార్లు వింటే పాఠమంతా అప్పజెప్పే పిల్లకి బుర్ర లేకపోవడమేమిటి? చదవడం ఒక్కటే ఎవరూ నేర్పలేదు. నేను నేర్పుతాను. పొద్దున మొదటి బస్సుకి పంపించండి."

"ఇంటి పని దానిదే మేడమ్. సర్లెండి, రేవుకెల్లే ముందే నేను వొండీసి ఎల్తాను" అంది.

అలా మొదలైంది. గుణింతాలు, ఒత్తులు, రెండక్షరాల మాటలు. మూడో తరగతి పుస్తకం తెస్తే ఆ పిల్ల ముఖం మాడిపోయేది. అందుకని పుస్తకాలు పక్కనపెట్టి బస్సుల బోర్డులు రాసుకొచ్చాను. బొబ్బిలి, కొత్తవలస, గజపతినగరం. 'బ్బి' దగ్గర తడబడి, కూడబలుక్కుని, "బొబ్బిలి" అని తేల్చాక ఒకసారి నా వైపు చూసేది. మాది ఇంగ్లీషు మీడియమే. కానీ తెలుగు పట్టుబడితే గాని ఇంగ్లీషు పట్టుబడదని నాకు గట్టి నమ్మకం.

వానలు పడుతున్న రోజుల్లో ఒకసారి పేపరు ముందు పెట్టాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. "మత్స్యకారులు... సముద్రంలోకి... వేటకు... వెళ్లరాదు." మళ్లీ మొదటి నుంచి చదివింది.

"మేడమ్, ఇది మా కోసరమే రాసినారు" అంది.

ఆ తర్వాత కొన్ని రోజులకే రావడం మానేసింది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. సెలవు పెట్టి వాళ్ల పల్లెకి వెళ్లాను. ఇసుకలో ఎండబెట్టిన చేపల్ని తిరగేస్తోంది.

"నాకొద్దు మేడమ్. అందరూ ఒకటో క్లాసు అంటన్నారు."

"అంటారు. మానేసినా అంటారు. చదవడం వచ్చాక ఏమంటారో చూద్దాం."

నేను పక్కనే కూర్చుని చేపలు తిరగెయ్యసాగాను. "అలాక్కాదు మేడమ్, తోక పట్టుకోవాల" అంది. కాసేపయ్యాక, "రేపొస్తాను" అని గొణిగింది.

మర్నాడు పదో తరగతి రెండు సెక్షన్లకూ వెళ్లి, పొద్దున చదివే క్లాసు ఇకనుంచి అందరిదీ అని చెప్పాను. నవ్విన వాళ్ల వైపు చూడలేదు. ఆ వారంలోనే ఇంకొందరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. వాళ్లలో ఇద్దరు అంతకు ముందు నవ్వినవాళ్లే. ఇక ఆ పిల్లను ఎవరూ ఏమీ అనలేదు.

అర్ధవార్షిక పరీక్షల్లో ఆమె మార్కులు మునుపటికంటే తగ్గాయి. కంఠతా పట్టడం మాని, ప్రశ్న చదివి సొంతంగా రాసింది. కరస్పాండెంట్ గారు మార్కులు నా ముందుకు తోశారు. "తగ్గినాయి కదమ్మా."

నేను పిల్లను పిలిపించి, మీ చేతికందిన కాగితం ఏదైనా ఇవ్వండి సార్ అన్నాను. ఆయన బల్ల మీదున్న పెళ్లి శుభలేఖ ఇచ్చారు. "ఆహ్వానించుచున్నాము" దగ్గర ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ పట్టుకుంది. చెమట్లు పడుతున్నా విడిచిపెట్టకుండా ముహూర్తం దాకా, విందు దాకా చదివింది. ఆయన శుభలేఖ వెనక్కి తీసుకుని, "సరే, రాయనీ" అన్నారు.

పబ్లిక్ పరీక్షలు తెలుగులో రాయించాను. మిగతావన్నీ పాసైంది, ఇంగ్లీషు పోయింది. ఆ ఏడు మా ఫ్లెక్సీ మీద వంద శాతం లేదు. టీచర్ల గదిలోకి నేను వెళ్లగానే మాటలు ఆగిపోయేవి. కరస్పాండెంట్ గారు కూడా చాన్నాళ్లు ముక్తసరిగా మాట్లాడారు. నాకు బాధ లేదని చెప్పను. కానీ ఫలితాలు వచ్చిన మర్నాడే పిల్లను పిలిచి ఇంగ్లీషు పుస్తకం తెరిపించాను. ఎండాకాలమంతా, స్కూలు ఖాళీగా ఉన్నా, ఇద్దరం కూర్చున్నాం. సప్లిమెంటరీలో గట్టెక్కింది. ఇప్పుడు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ చదువుతోంది. కాలేజీలో చేరిన రోజు తల్లి చేపలు పట్టుకొచ్చి, "రొయ్యల కంపెనీ మాట మరెత్తను మేడమ్" అని చెప్పి వెళ్లింది.

ఈ జూన్లో బడి తెరవగానే ఆరు నుంచి పది దాకా ప్రతి పిల్ల చేతా, పిల్లాడి చేతా ఎప్పుడూ చూడని పేజీ ఒకటి చదివించుకుని విన్నాను. సిలబస్ వెనకబడుతుందని టీచర్లు గొణిగారు. వెనకబడితే ఆదివారాలు నేనొచ్చి చెబుతానన్నాను. ఏడో తరగతిలో ఒక అమ్మాయి దగ్గర ఆగాను. గొంతు బాగుంది, కానీ పేజీలోని బొమ్మ చూసి కథ అల్లి చెబుతోంది, చూపు అక్షరాల మీద నిలవడం లేదు. ఆమెను మొదటి వరసలో కూర్చోబెట్టి, సాయంత్రమే వాళ్ల నాన్నకు ఫోన్ చేశాను. పదో తరగతికి ఇంకా చాలా టైముంది.