ఫణి మేస్త్రి ఒప్పుకున్న తప్పు

బరంపురం పాత బస్టాండు వెనక సందులో ఉన్న ఫణిభూషణ్ గ్యారేజీకి ఇప్పుడు టాక్సీ ఒక్కటీ రాదు. డ్రైవరు కొండబాబు చావుకి ఫణి చేతిపనే కారణమని టాక్సీ స్టాండులో అందరూ అంటారు. ఆ మాట మొదట అన్నది ఫణే. అది అబద్ధమని నాకు తెలుసు. నా బ్యాటరీల కొట్టు అతని గ్యారేజీని ఆనుకునే ఉంది, కొండబాబు బండి సంగతి మొదటినుంచీ కళ్ళారా చూసినవాణ్ణి. నిజం చెబుదామని నోరు తెరిస్తే ఫణి కసురుతాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఫణి తాతది టెక్కలి వైపు. రైల్వేలో పని దొరికి ఇక్కడికొచ్చాడు, తండ్రీ రైల్వేలోనే చేశాడు. ఫణి మాత్రం చదువు ఒంటబట్టక కార్ల కిందకి దూరాడు. ఒట్టి మొండిమనిషి. లోపం ఎందుకొచ్చిందో తెలియకుండా సామాను మార్చి బండి పంపించేస్తే ఆ పూట అతనికి అన్నం సయించదు. ఈ చాదస్తం వల్ల బళ్ళు రోజుల తరబడి బానెట్లు ఎత్తుకుని నా కొట్టుకి అడ్డంగా నిలబడేవి. నాకు ఒళ్ళు మండిపోయేది.

కొండబాబుది సముద్రం ఒడ్డున పొడంపేట. అతని భార్య నీలమ్మ తండ్రినీ అన్ననీ సముద్రం ఒకే వేటలో పొట్టన పెట్టుకుంది. అందుకని పెళ్ళయిన ఏడాదే మొగుడిచేత వేట మాన్పించింది. పడవ అమ్మేసి అతను పాత డీజిలు బండి ఒకటి కొన్నాడు. చుట్టుపక్కల రోగుల్ని బరంపురం ఆసుపత్రికి చేరవేయడం, పెళ్ళిళ్ళకి తిరగడం, అదే వాళ్ళ కూడు.

ఆ బండికో రోగం. పెద్దరోడ్డు మీద పోతూ పోతూ ఉన్నట్టుండి చచ్చుబడేది. ఇంజను దీపం వెలిగేది, ఎంత తొక్కినా వేగం నలభై దాటేది కాదు. వెనక లారీలేమో మీదికొచ్చేస్తుండేవి. పక్కకి తీసి, ఆపి, మళ్ళీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు నడిచేది. ఏదో ఒకరోజు ఇది మనిషిని మింగుతుందని ఫణికి భయం పట్టుకుంది.

ముందు టర్బో విప్పాడు. ఇంజనులోకి గాలి దట్టించే చక్రం అది. దాని ఇరుసు అరిగిపోయి నూనె కారుతోంది. మార్చాడు. చత్రపురం దాకా తోలి చూసి ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. వారం తిరక్కుండా బండి మళ్ళీ గ్యారేజీలో ఉంది.

"మేస్త్రీ, బండి నీమీద మనసు పడ్డాది. నాను డ్రైవర్నే, మొగుడివి నువ్వే" అన్నాడు కొండబాబు.

ఈసారి కరెంటు జబ్బన్నాడు ఫణి. స్కానర్ పెడితే ఒకసారి ఒక సెన్సార్ పేరు చెబుతుంది, మరోసారి ఇంకోటి. సెన్సార్లు మార్చాడు, ఎర్తు తీగలు గీకి బిగించాడు. చివరికి ఇంజను కంప్యూటరుకి వెళ్ళే పెద్ద ప్లగ్గు ఊడదీస్తే పిన్నుల నిండా పచ్చటి చిలుము. వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పగా ఉంది.

"సముద్రం గాలి, ఇంకేటి?" అన్నాను నేను.

"గాలైతే అన్ని ప్లగ్గులూ తినాల. ఈ ఒక్కదాన్నే ఎందుకు తింతాది?" అన్నాడు.

శుభ్రం చేసి పంపాడు. కొన్నాళ్ళకే మళ్ళీ అదే చిలుము. ఇక లాభం లేదని, బండితోపాటే పొడంపేట బయల్దేరి నన్నూ లాక్కుపోయాడు.

ఇంటిముందు బండి ఆగీ ఆగగానే నీలమ్మ చెంబుతో వచ్చింది. చెంబులో పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు, వాటిలో గుప్పెడు కల్లుప్పు. బండి చుట్టూ తిప్పి, ముందు అద్దం మొదట్లో కుమ్మరించింది. నీళ్ళు బానెట్ సందులోంచి లోపలికి జారాయి. సరిగ్గా ఆ కిందే ఆ ప్లగ్గు. రిపేరు నుంచి వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. బాగైన బండికే దిష్టి ఎక్కువట.

నాకు నవ్వొచ్చింది. ఫణికి రాలేదు.

"నీలమ్మా, ఈ నీల్లే బండిని తినేస్తన్నాయి. రోడ్డు మద్దిన ఆగితే లారీ గుద్దేస్తాది. మానెయ్ తల్లీ."

"మానేస్తే ఆయన్నెవులు కాత్తారు అన్నియ్యా?"

"నాను సూసుకుంతాను" అన్నాడు ఫణి.

ఆమె మానేసింది. బండి నిజంగానే బాగుపడింది, మళ్ళీ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ శీతాకాలంలో ఒక తెల్లవారుజామున కొండబాబు బేరం దింపి ఒక్కడే వస్తున్నాడు. రంభ ఊరి దగ్గర పొగమంచులో, రోడ్డు మీద దీపాల్లేకుండా ఆపేసిన లారీ కిందకి బండి దూరిపోయింది. మనిషి అక్కడికక్కడే పోయాడు.

"నానే సంపేసినాను. సెంబు కింద ఎట్టేసినాను, ఆయన పోనాడు" అని నీలమ్మ శవం దగ్గర తల బాదుకుంది. ఫణిని పల్లెత్తు మాట అనలేదు. అన్నం ముట్టడం మానేసిందని తర్వాత తెలిసింది.

పోలీసు స్టేషను పక్కన పడేసిన ఆ తుక్కు దగ్గరికి ఫణి తీగలు పరీక్షించే మీటరు పట్టుకుని వెళ్ళాడు. నా కొట్లోంచి నాచేత బ్యాటరీ మోయించాడు. తీగ తీగా తడిమాడు. గుద్దినప్పుడు తెగినవి తప్ప ఒక్క లోపమూ లేదు. ఆ ప్లగ్గు పిన్నులు తళతళలాడుతున్నాయి.

"ఏదో ఒకటి దొరకాల" అని గొణుక్కుంటూ మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాడు.

"బండి బాగుంటే నీకు మంచిదే కదా!" అని విసుక్కున్నాను.

"బాగుంటే ఆ యమ్మికి ఏటి సెప్పాల?" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదటిసారి.

పన్నెండో రోజున పొడంపేట వెళ్ళాం. నీలమ్మ గోడకి ఆనుకుని ఉంది, మనిషి సగమైపోయింది. గుమ్మంలో స్టాండు డ్రైవర్లందరూ నిలబడి ఉన్నారు. ఫణి వెళ్ళి ఆమె ముందు చతికిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా. లైట్ల తీగ నాను అతికినాను. సరిగ్గా బిగించలేదు, నా సెయ్యి జారిపోనాది. మంచులో లైట్లు ఆరిపోనాయి. బండి ఇప్పి సూసినాను. నువ్వు దిష్టి మానేసినందుకు కాదు."

గుమ్మంలో గొణుగుడు లేచింది. ఒకడు వచ్చి ఫణి చొక్కా పట్టుకున్నాడు. అబద్ధంరా అని అరవబోతే ఫణి నావంక ఒక్క చూపు చూశాడు. ఆ చూపుకే నోరు మూసుకున్నాను, ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

నీలమ్మ నెమ్మదిగా తలెత్తింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె వదిలెయ్యమని ఆ డ్రైవరుకి సైగ చేసి, ఫణి కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నీ తప్పేటున్నాది అన్నియ్యా" అంది. "నాను దిష్టి తీసుంటే నీ సెయ్యి జారేదే కాదు."