మల్లేశం కాక, ర్యాంకుల కాగితం

ఇవాళ కొత్త బ్యాచ్ కోసం డిసెక్షన్ హాలు తెరవగానే శవాలకు పట్టించే మందు ఘాటు కళ్లలోకి కొట్టింది. కళ్లు తుడుచుకుంటుంటే మల్లేశం కాక గుర్తొచ్చాడు. శామీర్‌పేట దాటాక ఉన్న, నేను చదివిన వైద్య కళాశాలలో ఆయన ఇలాంటి హాలుకే అటెండర్. యాభై దాటిన మనిషి. ఇంగ్లీషు అక్షరం రాదు గానీ, ఏ ఎముక కుడిదో ఏది ఎడమదో చేత్తో తడిమి చెప్పేవాడు.

నేను కుత్బుల్లాపూర్ కార్మికుల కాలనీ నుంచి వచ్చాను. ఇంటర్ దాకా ప్రతి తరగతిలోనూ మొదటిదాన్ని. నాయిన పనిచేసే ఫ్యాక్టరీలో అందరికీ నా ర్యాంకు తెలుసు. మెడిసిన్‌లో మొదటి ఇంటర్నల్ పరీక్ష అయ్యాక, అనాటమీ మేడం నూట యాభై మంది పేర్లూ ర్యాంకుల వరుసలో టైపు చేయించి హాలు పక్క గోడకు అంటించారు. ఒక కాగితం అయిపోయింది, రెండోదీ అయిపోయింది. మూడో కాగితంలో, నూట నలభై ఒకటి దగ్గర దొరికింది నా పేరు. వెనక ఎవరో "ఈమె ఇంటర్‌లో టాపరంట" అన్నారు. ఎగతాళో, జాలో ఇప్పటికీ తెలియదు. అందరూ భోజనాలకు వెళ్లాక తిరిగొచ్చి ఆ మూడో కాగితాన్ని చించి సంచిలో కుక్కుకున్నాను. తలెత్తేసరికి గుమ్మంలో మల్లేశం కాక. నన్ను చూశాడు, గోడను చూశాడు, లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు క్లాసులోనే మేడం ఆయన్ని పిలిపించారు. "రోజంతా ఇక్కడే ఉంటావు, చింపిందెవరో నీకు తెలియదా? చెప్పకపోతే మెమో ఇప్పిస్తాను."

"తప్పయింది మేడం" అని మాత్రం అన్నాడు కాక. మూడో వరుసలో ఉన్న నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఇక కూర్చోలేకపోయాను. క్లాసు కాగానే మేడం గదికి వెళ్లి కాగితం బల్ల మీద పెట్టాను. ఆవిడ దాని ముడతలను చాలాసేపు సరిచేశారు.

"మీలో పట్టుదల రావాలనే పెట్టేది అమ్మా" అన్నారు చివరికి.

"నాకు సిగ్గే వచ్చింది మేడం."

ఆవిడ మెమో మాట మళ్లీ ఎత్తలేదు. జాబితాలు అంటించడం మాత్రం ఆపలేదు.

"నా పేరెందుకు చెప్పలేదు కాకా?" అని అడిగాను ఆ సాయంత్రం.

"నువ్వే చెప్తవేమో అని జూసిన."

"చెప్పకపోతే?"

"మెమో వస్తుండె. ఏం జేస్తం!" అని నవ్వాడు. "బుక్కులు మస్తు సదువుతున్నవ్ గానీ బిడ్డా, ఎముకను చేతికి తీస్కుంటలేవు. రోజు జూస్తున్న. రేపటి సంది నాలుగింటికి రా, ఎముకల పెట్టె తీసి పెడ్త."

వెళ్లాను. కళ్లు మూసుకోమని తొడ ఎముక చేతిలో పెట్టి, "ఏ పక్కది? జల్దీ లేదు, నిమ్మళంగ చెప్పు" అనేవాడు. తప్పు చెబితే మళ్లీ చేతిలో పెట్టేవాడు, అంతే. తర్వాతి జాబితాలో నూట పన్నెండు వచ్చింది, ఆఖరిదాంట్లో ఎనభై ఎనిమిది. "నీ పేరు ఏడుంది?" అని కాక అడిగితే ఆయన వేలు పట్టుకుని చూపించాను. సంతోషించాడు. ఆ వేలినే అలా కిందికి, తర్వాతి కాగితం మీదికి జరుపుకుంటూ వెళ్లి, చిట్టచివరి పేరు దగ్గర ఆపాడు.

"గీ పేరెవలది బిడ్డా?"

చెప్పాను. మర్నాడు నాలుగింటికి ఎముకల పెట్టె ముందు నా పక్కన ఇంకో స్టూలు ఉంది. దాని మీద, తలెత్తకుండా, ఆ చివరి పేరున్న అబ్బాయి.

కాక ఇప్పుడు రిటైరై మేడ్చల్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. మొన్న వెళ్తే, "ఇంక కాయితాలు అంటిస్తనే ఉన్నరా?" అని అడిగాడు. ఉన్నారన్నాను. నేను పాఠాలు చెప్పే కాలేజీలో వాటిని ఆపించాలని మీటింగులో రెండుసార్లు అడిగాను, కుదరలేదు. జాబితా నా బల్ల మీదికి వచ్చినప్పుడు ముందు అడుగున ఉన్న పేర్లు చదువుతాను. వాళ్లను పిలిచి, మార్కుల మాటెత్తకుండా, నాలుగింటికి రమ్మంటాను. కొందరు రారు. వచ్చేవాళ్ల కోసం కూర్చుంటాను.